కత్తులు ఊడదీసిన బూట్లు

జగదాంబకు లోకంలో అన్నింటికన్నా అసహ్యం మనిషి పాదం.

బొద్దింక కనిపిస్తే చీపురు తీస్తుంది. చచ్చిన ఎలక కనిపిస్తే కాగితంతో తోకపట్టి బయట పారేస్తుంది. కానీ ఎవరైనా ఆమె ఎదురుగా కాళ్లు చాపుకుని కూర్చుంటే మాత్రం కడుపులో దేవినట్టయి మొహం తిప్పుకుంటుంది. పగిలిన మడమలు, గోళ్ల సందుల్లో మట్టి, చెమటకు నాని తెల్లబడ్డ వేళ్లు! దేవుడు మనిషిని తీరిగ్గా చేస్తూ చేస్తూ చివర్లో విసుగొచ్చి ఆ రెండింటినీ ఎలాగో అతికించి పంపేశాడని ఆమె నమ్మకం. పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు సీతారాం ఆమె కాలు పట్టుకుని సన్నికల్లు మీద పెట్టినప్పుడు పెళ్లికూతురు సిగ్గుతో తల దించుకుందని అందరూ మురిసిపోయారు. సిగ్గూ లేదు, పాడూ లేదు. అదే చేత్తో కాసేపటికి తనకు మిఠాయి తినిపిస్తాడే అని ఆమె బాధ.

అలాంటి మనిషికి రాసిపెట్టి ఉన్నది బాగ్‌బేరా. టాటానగర్ స్టేషన్ పక్కన, రైలు పట్టాలకూ క్వార్టర్లకూ మధ్య ఒక గోడ, ఒక మురిక్కాలవ, పందులు తిరిగే ఒక చెత్తకుప్ప. పొద్దున ఆరేసిన తెల్లచీర మీద మధ్యాహ్నానికి ఇంజన్ల మసి నల్లగా రాలుతుంది. మొగుడు లోకోషెడ్డులో ఫిట్టరు, నెత్తి నుంచి కాలి దాకా నూనె. ఆ మసిలో, ఆ నూనెలో, జగదాంబ ఇల్లు మాత్రం అద్దంలా ఉండేది. గుమ్మం బయట బకెట్టూ చెంబూ. మొగుడైనా, కూతురైనా, ఊరి నుంచి వచ్చిన చుట్టమైనా చీలమండల దాకా కడుక్కుంటేనే లోపలికి అడుగు. క్వార్టరు కప్పు కారుతోందని చూడటానికి వచ్చిన ఇంజనీరు బాబు చేత కూడా బూట్లు విప్పించి కాళ్లు కడిగించింది. ఆయన మళ్లీ రాలేదు, కప్పు ఇప్పటికీ కారుతూనే ఉంది.

"గొంగట్లో తింటా వెంట్రుకలు ఏరుకున్నట్టుంది వదినా నీ యవ్వారం" అనేది పక్క క్వార్టరు ధనమ్మ. ధనమ్మకు దేనికీ అసహ్యం లేదు. కాలనీలో పురుళ్లు, పుళ్లు, పసిపిల్లల విరేచనాలు, అన్నీ ఆవిడ చేతిమీదే జరిగేవి. ఆవిడ చేసిన పకోడీలు జగదాంబ ఏనాడూ ముట్టలేదు.

ఢిల్లీలో ఏషియా ఆటలు జరిగిన శీతాకాలం అది. ఊళ్లో ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఆటల పిచ్చి పట్టింది. రైల్వే ఇన్‌స్టిట్యూట్ వెనక సిమెంటు గచ్చు మీద ఒక మాస్టర్‌జీ ఆడపిల్లలకు చక్రాల స్కేటింగు నేర్పడం మొదలుపెట్టాడు. జగదాంబ కూతురు చిన్నమ్మి ఎనిమిదో తరగతి. ఇంట్లో కుదురుగా నిలబడి పళ్లు తోముకోవడం రాదు గానీ చక్రాలెక్కితే మాత్రం నీళ్ల మీద బాతులా పోయేది. జనవరి ఇరవై ఆరున గ్రౌండులో అందరి ముందూ పిల్లలు వరసగా స్కేటింగు చెయ్యాలి, ముందు పిల్ల జెండా పట్టుకోవాలి. కాన్వాసు బూట్లకు పట్టీలతో కట్టుకునే చక్రాలు జారిపోతాయి, సొంత బూటుకు చక్రాలు బిగించుకున్న పిల్లకే జెండా ఇస్తానన్నాడు మాస్టర్‌జీ. కాలనీలో గార్డుగారి అమ్మాయికి అలాంటివి ఉన్నాయి. చిన్నమ్మి ఇంటికొచ్చి అన్నం మానేసింది.

సీతారాంకు ఒక్కతే కూతురు. అతను జుగ్‌సలాయిలో పాత ఇనుప సామాన్లవాడి దగ్గర వారం రోజులు తిరిగి, ఒక సాయంత్రం గోనెసంచిలో ఏదో పట్టుకొచ్చి గుమ్మం బయట కుమ్మరించాడు. తెల్లతోలు బూట్లు, చీలమండలు దాటి పైదాకా లేసులు. అడుగున, వేలి నుంచి మడమ దాకా, పొడుగాటి ఉక్కు కత్తులు.

"ఏటిది మావా?" అంది జగదాంబ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "కత్తిపీటకి బూటు తొడిగేరేటి?"

"ఓలి పిచ్చిదానా, ఇవి ఐసు మీద జారడానికి ఏసుకుంతారంట. ఎవరో ఫారిన్ ఇంజనీరు దేశం ఎల్లిపోతా సామాన్లు అమ్మేసినాడు. ఆల కూతురివి."

"మన బాగ్‌బేరాలో ఐసెక్కడున్నాది? సేపల బజార్లోనా?"

"కత్తులు ఊడదీసి చక్రాలు బిగిత్తాను సూడు" అన్నాడు సీతారాం. అప్పటికే అతని వేళ్లు బూటు అడుగున స్క్రూలు వెతుకుతున్నాయి.

"పాపా, అచ్ఛా ఫిట్ హోగా!" నాన్నా, బాగా సరిపోతాయి అని చిన్నమ్మి ఎగిరి గంతేసింది. తల్లి తెలుగులో తిట్టినా తండ్రి తెలుగులో ముద్దు చేసినా సంతోషం వస్తే ఆ పిల్లకు హిందీయే వచ్చేది.

జగదాంబ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. ఎవరి కాళ్లో, ఏ చెమటో, ఏ రోగమో, ఏడు సముద్రాల అవతల నుంచి వచ్చి తన గుమ్మం పక్కన కూర్చుంది. మర్నాడు మొగుడు డ్యూటీకీ కూతురు బడికీ పోగానే నడుం బిగించింది. బొగ్గుల పొయ్యి మీద నీళ్లు తెర్ల కాచి, చాకలిసోడా గుప్పెళ్లతో పోసి, ఆ బూట్లను పటకారుతో పట్టి తొట్టిలో ముంచింది. నీళ్లు టీ డికాక్షన్‌లా మారాయి. పైకి లేచిన ఆవిరిలో ఎవరిదో, ఎన్నేళ్లదో పాత చెమట వాసన. రెండు సార్లు బయటికి పోయి ఉమ్మేసి వచ్చింది.

అంతటితో ఆగితే బాగుండేది. బూటు లోపల, మడమ వెనక, ఏదో గోధుమరంగు ముద్ద కనబడింది. చచ్చిన పందికొక్కు తోలులా ఉంది. పటకారుతో లాగితే రాలేదు, కుట్టి ఉంది. పాత బ్లేడుతో కుట్లు కోసి, పళ్లు బిగబట్టి, రెండు బూట్లలోంచీ దాన్ని పీకింది. దళసరి ఉన్ని ముక్కలు, మధ్యలో నల్లటి మరక. "ఛీ!" అని కాగితంలో చుట్టి తీసుకెళ్లి పందుల కుప్ప మీద విసిరింది. తర్వాత బూట్లను రేకుల కప్పు మీద ఎండకు పెట్టి, తను తలస్నానం చేసి దేవుడికి దీపం పెట్టుకుంది. ఇంటికి పట్టిన దరిద్రాన్ని సగం కడిగేశానని ఆమె మనసు తేలికపడింది.

సీతారాం వచ్చి చూసేసరికి బూట్లు బట్టీలో కాల్చిన ఇటుకల్లా ఉన్నాయి.

"తోలు ఉడకబెడతారేటే ఎవరైనా?"

"ఉడకబెట్టకపోతే పిల్లకి గజ్జి వత్తాది. నువ్వు నయం సేత్తావా?"

అతను బూట్లకు ఆవనూనె రాస్తూ కూర్చున్నాడు. ఉన్ని ముక్కల సంగతి అతను అడగలేదు, అసలు అవి ఉన్నాయని అతనికి తెలియదు. ఆమె చెప్పలేదు. మురికి గురించి మొగుడికి చెప్పేదేముంది!

వారంలో చక్రాలు ఎక్కాయి. షెడ్డులో పారేసిన బేరింగులు, ఒక ఇనప పట్టీ, దాన్ని బూటు అడుగుకు పట్టి ఉంచే రివిట్లు. సీతారాం చేతిపని చూడటానికి నాలుగు క్వార్టర్లవాళ్లు వచ్చారు. మాస్టర్‌జీ అటూ ఇటూ తిప్పి చూసి "వాహ్!" అన్నాడు. జెండా చిన్నమ్మిదే అన్నాడు. ఆ పిల్ల ఆ రోజు రెండు సార్లు అన్నం అడిగింది.

ఆ సంబరం నాలుగు రోజులు. ఐదోనాటికి పిల్ల మునివేళ్ల మీద నడుస్తోంది.

"కాలికేటయింది?"

"కుఛ్ నహీ హువా అమ్మా."

ఏమీ కాని కాలికి ఇంట్లో కూడా మేజోళ్లు ఎందుకో జగదాంబకు అర్థం కాలేదు. చలి అనుకుంది. ఒక ఆదివారం బట్టలు నానబెడుతుంటే కూతురి మేజోడు ఒకటి చేతికి తగిలింది. మడమ దగ్గర అట్టలా గట్టిగా ఉంది. తిప్పి చూసింది. పసుపుపచ్చగా ఎండిన రసి, దాని చుట్టూ ఎర్రటి అంచు, దానికి అతుక్కుని ఉల్లిపొరలా చర్మం ముక్క. మురిక్కాలవ దగ్గరికి పరుగెత్తి, పొద్దున తాగిన టీ అంతా కక్కేసింది. కళ్లు తుడుచుకుని, "చిన్నమ్మీ!" అని అరుచుకుంటూ ఇల్లంతా వెతికింది. పిల్ల ఇంట్లో లేదు.

ధనమ్మ ఇంటి వెనక వసారాలో ఉంది. ముక్కాలిపీట మీద కూర్చుని, రెండు కాళ్లూ ధనమ్మ ఒళ్లో పెట్టుకుని ఉంది. మడమ వెనక రూపాయి బిళ్లంత బొబ్బ, లోపల నీళ్లు కదులుతున్నాయి. రెండో మడమ మీది బొబ్బ ఎప్పుడో పగిలి, చర్మం ముడతపడి పక్కకు పోయింది. కింద పచ్చి మాంసం మెరుస్తోంది. ధనమ్మ సూదిలో దారం ఎక్కించి, దీపం మంటలో చూపించి, బొబ్బకు ఈ పక్క గుచ్చి ఆ పక్క లాగింది. దారం వెంట నీళ్లు బొట్లు బొట్లుగా ఆవిడ చీర మీద పడ్డాయి. ఆవిడ వేలితో తుడిచి, ఆ వేలు చీరకే రాసుకుంది.

"ఛీ ఛీ ఛీ!" అంది జగదాంబ గుమ్మంలోంచే.

చిన్నమ్మి తల ఎత్తి తల్లి మొహం చూసి, కళ్ల నీళ్లతోనే తల దించుకుంది. "అందుకే నీకు సూపించనేదు. నువ్వు మొకం అలగ పెడతావు."

"ఎలగ పెట్టినాను?"

"అలగే" అంది పిల్ల.

జగదాంబకు అసహ్యం పోయి ఉక్రోషం వచ్చింది. కన్నపిల్ల, దెబ్బ తగిలితే పక్కింటికి పోయింది! పురిట్లో తొమ్మిది గంటలు చచ్చి బతికి కన్నది తనూ, పుండు చూసేది ధనమ్మా! కోపం ఎవరి మీద చూపించాలో తెలియక బూట్ల మీద చూపించింది. "ఆటిని పొయ్యిలో పెడతాను సూడు" అంది.

"పెట్టు. మళ్లీ నీతో మాటాడితే ఒట్టు" అంది చిన్నమ్మి. ఆ మాట అన్న తీరు చూస్తే ఉత్తుత్తి ఒట్టులా లేదు.

ఆ సాయంత్రం సీతారాం వైద్యం మొదలుపెట్టాడు. లోకోషెడ్డు మనిషికి బొబ్బ అంటే ఒకటే అర్థం: ఆవిరో నిప్పో తగిలింది. షెడ్డులో అందరూ చేసేదే అతనూ చేశాడు. సున్నపుతేటలో కొబ్బరినూనె గిలక్కొట్టి, తెల్లటి ముద్ద చేసి, మడమలకు మందంగా పట్టించి, గాలి తగలకుండా గుడ్డ చుట్టాడు. "బాయిలరు కాడ ఎంత బొబ్బైనా దీనికి లొంగాల్సిందే" అన్నాడు. బాయిలరు దగ్గర కాలినవాడు మర్నాడు బూటు తొడుక్కుని స్కేటింగు చెయ్యడు గదా! నూనెలో రాత్రంతా నానిన చర్మం, పొద్దున బూటులో రెండు చుట్లు తిరిగేసరికి ఉడికిన బంగాళాదుంప తొక్కలా ఊడొచ్చింది. నూనే, నెత్తురూ, రసీ కలిసి మేజోట్లో జిగటగా అంటుకున్నాయి. ఆ వాసన పిల్ల పడుకునే మూలగదిలోంచి వంటింటి దాకా వచ్చేది. జగదాంబ వారం రోజులు ఆ ఇంట్లో పెరుగన్నం సయించక మంచినీళ్లతో కడుపు నింపుకుంది.

గచ్చు మీద పిల్ల కుంటుతూ జారుతుంటే మాస్టర్‌జీ చూశాడు. అతను చెడ్డవాడేమీ కాదు. "బేటీ, లంగడాతే హుయే ఝండా నహీ ఉఠాతే" అన్నాడు. కుంటుతూ జెండా మొయ్యకూడదట. ఆదివారం రిహార్సల్లో కుంటినా పడినా, జెండా గార్డుగారి అమ్మాయికి ఇచ్చేస్తానన్నాడు. ఇంటికొచ్చి చిన్నమ్మి గోడవైపు తిరిగి పడుకుంది.

జగదాంబ మొగుడి మీద విరుచుకుపడింది. "నీ రివిట్లే గుచ్చుకుంటన్నాయి. పిల్ల కాళ్లు కోత్తన్నావు నువ్వు!"

"రివిట్లు పాదం కింద కదే ఉన్నాయి? బొబ్బ మడమెనకాల కదా?"

"మరింకేటి? బూటు నాను సేసినానా? నువ్వే తెచ్చినావు, నువ్వే బిగించినావు!"

ఉరుము ఉరిమి మంగలం మీద పడినట్టు ఆ తిట్లన్నీ సీతారాం మీద పడ్డాయి. అతనికీ అనుమానం పట్టుకుంది. నిజంగా తన పనే పిల్ల కాలు కోస్తోందేమో! శనివారం సాయంత్రం షెడ్డు నుంచి సన్నటి ఆకురాయి తెచ్చుకుని, బూటు లోపల చెయ్యి దూర్చి, రివిట్ల తలలు నున్నగా అయ్యేదాకా అరగదీశాడు. కరకరమని ఆ చప్పుడు వింటూ జగదాంబ వంటింట్లో తృప్తిగా అన్నం వార్చింది.

ఆదివారం పొద్దున తండ్రీ కూతుళ్లు ఇంట్లో లేరు, రిహార్సలు పదింటికి. బూట్లు గుమ్మం బయట ఉన్నాయి. జగదాంబ వాటిని చూసింది. మొగుడు రివిట్లు సరిగా అరగదీశాడా లేదా? ఏ మూలో ఒకటి మిగిలి ఉంటే పట్టుకుని అతని మొహాన కొట్టాలి. కానీ దానికి చెయ్యి లోపల పెట్టాలి. ఆ బూట్లోనా! కన్నకూతురి చీము అయితే మాత్రం చీము కాదా?

కుడిచేతికి పాతగుడ్డ చుట్టుకుని, ఊపిరి బిగబట్టి, చెయ్యి దూర్చింది. అడుగంతా తడిమింది. గుడ్డలోంచి ఏమీ తెలియలేదు. బయటికి తీసి ఊపిరి పీల్చుకుంది. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. చివరికి "తల్లీ, పైడితల్లీ" అనుకుంటూ గుడ్డ విప్పేసి, ఉత్త చేత్తో, ముంజేతి దాకా దూర్చింది.

తడి. జిగట. ముంజేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అడుగున రివిట్లు నున్నగా ఉన్నాయి, ఒక్కటీ గుచ్చుకోలేదు. వేళ్లు మడమ వైపు జరిగాయి. అక్కడ, పిల్ల బొబ్బ ఉన్న చోటనే, తోలు అంచు రంపంలా గట్టిగా లోపలికి పొడుచుకొచ్చి ఉంది. దాని చుట్టూ చిన్న చిన్న కుట్టు కన్నాలు. కన్నాల్లో తెగిన దారం మొనలు. దారానికి పట్టుకుని నాలుగు ఉన్ని పోగులు.

జగదాంబ వేళ్లు అక్కడే ఆగిపోయాయి. చచ్చిన పందికొక్కు తోలు!

అది మురికి కాదు. మడమకు మెత్త. ఆ ఫారిన్ పిల్లకు కూడా ఇక్కడే బొబ్బ లేచి ఉంటుంది, ఆ నల్లటి మరక ఆ పిల్ల నెత్తురే అయి ఉంటుంది. ఎవరో ఒక తల్లి, ఈ తోలు అంచు మీద ఉన్ని ముక్క పెట్టి, చెయ్యి లోపలికి పెట్టి, వంకర వంకరగా కుట్టింది. తను దాన్ని బ్లేడుతో కోసి పందుల పాలు చేసింది. పైపెచ్చు సోడానీళ్లలో ఉడకబెట్టి ఆ అంచును రంపం చేసింది. పిల్ల కాళ్లు కోసింది రివిట్లు కాదు, సీతారాం కాదు.

జగదాంబ అసహ్యంతో చెయ్యి బయటికి లాక్కుంది. ఈసారి అసహ్యం బూటు మీద కాదు.

లోపలికి పోయి, దేవుడి మూల చుట్టి పెట్టిన కంబళి ఆసనం తీసింది. పూరీ నుంచి తెచ్చుకున్నది, స్నానం చెయ్యకుండా ఎవరినీ దాని దగ్గరికి రానిచ్చేది కాదు. కత్తెరతో రెండు ముక్కలు కోసి, గోనెసంచులు కుట్టే సూది తీసుకుని, గుమ్మం బయట కూర్చుని, ఆ కంపు బూటును ఒళ్లో పెట్టుకుని కుట్టింది. సూది రెండు సార్లు వేలికి దిగింది. కుట్టడం అయ్యాక సబ్బు అరిగేలా చేతులు కడుక్కుంది, వాసన పోలేదు.

చిన్నమ్మి వచ్చి కాళ్లకు గుడ్డలు చుట్టుకుని, మేజోళ్లు వేసుకుని, బూట్లు తొడుక్కుని లేచి నిలబడింది. ఒక అడుగు వేసింది. మొహం విచ్చుకుంది.

"పాపా! మెత్తగా ఉన్నాది! నువ్వు రివిట్లు అరగదీసినందుకే!"

సీతారాం మొహం వెలిగిపోయింది. జగదాంబ గోనె సూదిని కొంగు కిందికి లాక్కుంది. పిల్లకు నొప్పి తగ్గింది కదా, ఇప్పుడు ఎవరి వల్ల అయితే ఏం? ఇంకోసారి చెప్పొచ్చు అనుకుంది. చేసింది చెప్పుకోవడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు, ఉన్నమాట ఇది.

ధనమ్మ కూడా వెళ్లి చూసింది రిహార్సలు. వచ్చి ఆవిడే చెప్పింది. చిన్నమ్మి ఎంత బాగా జారిందని! కుంటలేదు, తడబడలేదు. వెదురు కర్రకు జెండా కట్టి చేతికిచ్చారు. గచ్చు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో మలుపు దగ్గర కుడి బూటు కింద ఇనప పట్టీ ఊడి చక్రాలతో సహా దొర్లుకుంటూ పోయింది. తలలు అరిగిపోయిన రివిట్లు ఎంతసేపు పట్టుకుంటాయి? పిల్ల మోకాళ్ల మీద పడింది. జెండా మాత్రం కింద పడనివ్వలేదు, ఎత్తి పట్టుకునే ఉంది. మాస్టర్‌జీ వచ్చి దాన్ని మెల్లిగా ఆ చేతిలోంచి తీసుకుని గార్డుగారి అమ్మాయికి ఇచ్చాడు.

చిన్నమ్మి ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కోలేదు. బూట్లను అలాగే లోపలికి, కడిగిన గచ్చు మీదికి విసిరింది. జగదాంబ బకెట్టు చూపించలేదు.

"నా తప్పేనమ్మా" అన్నాడు సీతారాం. నేల మీద కూర్చుండిపోయాడు. ఇరవై ఏళ్లుగా ఇంజన్లకు రివిట్లు కొట్టిన మనిషి, తన చేతులకేసి అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. "నానే అరగదీసినాను. తల ఉండకపోతే రివిట్టు నిలవదని నాకు తెల్దేటి? తెలిసే అరగదీసినాను. నీ కాలు కోత్తన్నాదని..."

జగదాంబ మూల నిలబడి విన్నది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. ఊరుకుంటే అక్కడితో సరి. మొగుడు జీవితాంతం ఆ తప్పు మోస్తాడు, మోసి ఎవరికీ చెప్పడు కూడా. ఆ పెద్దమనిషి తీరే అంత. ఆ ఊహ వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే ఒళ్లు జలదరించింది.

"ఆయన కాదే" అంది. "బూట్లో ఉన్ని మెత్త ఉండేది. మురికని నానే బ్లేడెట్టి కోసి పందుల కుప్ప మీద పారేసినాను. అది నేకే నీ కాళ్లు కోసుకుపోయేయి. పొద్దున్న సెయ్యెట్టి సూసి కంబళి ముక్క కుట్టినాను. మెత్తగా ఉన్నాదన్నావు కదా, అది రివిట్లు కాదు, కంబళి. అప్పుడే సెప్పుంటే మీ నాన్న కొత్త రివిట్లు కొట్టుండును. సెప్పనేదు."

సీతారాం తల ఎత్తాడు.

చిన్నమ్మి తల్లి వైపు తిరిగింది. ముక్కు పైకి ముడుచుకుంది, పై పెదవి ఒక పక్కకు వంకర తిరిగింది, కళ్లు చిన్నవయ్యాయి. కాలి కింద ఏదో మెత్తటిది తొక్కినట్టు మొహం పెట్టింది. ఆ మొహం జగదాంబ ఏనాడూ చూడలేదు గానీ, ఎవరిదో చూడగానే తెలిసింది. ఇన్నేళ్లూ అందరికీ తను పెట్టిన మొహం. ఎదట నిలబడి అందుకుంటే ఇలా ఉంటుందన్నమాట!

మూడు రోజులు పిల్ల తల్లితో మాట్లాడలేదు. కట్లు ధనమ్మ దగ్గరే కట్టించుకుంది.

జనవరి ఇరవై ఆరు పొద్దున గ్రౌండు వైపు నుంచి లౌడుస్పీకరు పాటలు మొదలయ్యాయి. కాలనీ అంతా అటే పోయింది. సీతారాం షెడ్డు వాళ్లతో పరేడులో నిలబడాలి, వెళ్లిపోయాడు. చిన్నమ్మి వెనక గుమ్మంలో కూర్చుని గోడకేసి చూస్తోంది. జగదాంబ వేపాకులు వేసి నీళ్లు కాచి, గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టి, నేల మీద చతికిలబడింది.

"కాలియ్యే."

"ధనమ్మత్త సేత్తాది."

"అత్త జెండా సూడ్డానికి ఎల్లింది. ఇయ్యే కాలు."

గ్రౌండులో బ్యాండు మోగింది, జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎవరికో ఇద్దరికీ తెలుసు. చిన్నమ్మి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. అప్పుడు, చూడకుండానే, కుడికాలు చాపి తల్లి ఒళ్లో పెట్టింది. కాసేపటికి ఎడమకాలు కూడా పెట్టింది.

జగదాంబ కట్టు విప్పింది. గుడ్డ చివరి మడత పుండుకు అతుక్కుని ఉంది. వేపనీళ్లు పోసి, నానబెట్టి, మెల్లిగా లాగింది. దాని కింద పచ్చగా, ఎర్రగా, ఇంకా తడిగా ఉంది. వాసన గుప్పున కొట్టింది. పుండు మీద ప్రేమ పుట్టుకొచ్చిందని ఎవరైనా అంటే నమ్మకండి. అసహ్యం అసహ్యంగానే ఉంది, గొంతు దాకా వచ్చి ఉంది. దాన్ని మింగి, చూపుడువేలితో పుండు అంచు తుడిచింది. పిల్ల తల్లి మొహం మీంచి చూపు తిప్పలేదు.

"మొకం పెట్టేవు" అంది చిన్నమ్మి.

"పెట్టనేదు."

"పెట్టేవు. నాను సూసినాను."

"పెట్టినాను, ఏటయితే? కంపు కొడితే కొట్టదంతానేటి?"

పిల్ల పెదవి చివర ఏదో కదిలింది. నవ్వో ఏడుపో దానికే తెలియాలి. "అంత కంపయితే ముక్కు మూసుకో అమ్మా. పర్లేదు, నానేటనుకోను."

జగదాంబ చూసుకుంది. కూతురి కుడి మడమ ఎడమచేతిలో ఉంది, ఎడమ మడమ కుడిచేతిలో ఉంది.

"ఏ సేత్తో మూసుకోనే?" అంది.